రుద్రదేవ మహారాజు: పురుషనామము దాల్చిన వీరవనిత



మన సంఘ వార్షిక మహాసభా సందర్భమున వెలువడు ఈ సంచికకు ఒక చారిత్రక వ్యాసమును వ్రాసి పంపవలసినదని కార్యనిర్వాహకులు నన్ను కోరిరి. నేను పండితుడను కాను. ముండ్లమూరు ప్రాంతమున పుట్టి పెరిగి, పెద్దల యొద్ద విన్నదానిని పుస్తకములలో చదివినదానితో సరిపోల్చి చూచుకొను అలవాటు గలవాడను మాత్రమే. ఐనను పెద్దల మాట కాదనలేక, చాలకాలముగా నా మనస్సున మెదలుచున్న యొక విషయమును మీ ముందుంచుచున్నాను. తప్పులున్న మన్నించి, ఒప్పులున్న గ్రహింతురుగాక.

కొంతకాలము క్రిందట మా యింటి వంశావళిని వ్రాయ మొదలిడితిని. ఏడు తరముల మగవారి పేళ్లు తడుముకొన నవసరము లేకుండ దొరకినవి. ఆడువారి పేళ్లన్ననో, మూడవ తరము దాటి యొక్కటియైనను దొరకలేదు. మా మేనత్తను అడిగితిని. ఆమె యిట్లు చెప్పెను: “మా జేజమ్మ, మగడు పోయిన యేట, జొన్న కళ్లము మీద దొంగలు పడుదురను భయమున, తలకు పాగా చుట్టి, గొంగడి కప్పుకొని, దుడ్డుకఱ్ఱ చేతబట్టి రాత్రులు కావలి కాచెడిదట నాయనా! దూరమునుండి చూచినవారు మగవాడే యనుకొనెడివారట.” ఆమె పేరేమని యడిగితిని. “పేరెవరికి తెలియును? అందఱును పెద్దమ్మ అనెడివారు” అని మా మేనత్త ఊరకుండెను.

ఆనాటినుండి ఈ ప్రశ్న నన్ను వదలలేదు. మగవేషము దాల్చి ఆయుధము పట్టిన స్త్రీలను చరిత్ర యెట్లు జ్ఞాపకముంచుకొన్నది? ఎట్లు మఱచినది? వారిని వెదకి పట్టుకొనుటకు మార్గమేది?

దేశాంతరముల వృత్తాంతములు

పురుషవేషముతో సైన్యమున చేరిన స్త్రీలు అన్ని దేశములందును కలరు. వారిలో ఒకతె మన దక్షిణదేశపు కడలి యొడ్డుననే పోరాడెను. ఆమె ఇంగ్లండు దేశస్థురాలు, హానా స్నెల్ (1723–1792). జేమ్సు గ్రే యను పురుషనామముతో నావికాదళ సైనికులలో చేరి, ఓడనెక్కి మన దేశమునకు వచ్చి, 1748లో పుదుచ్చేరి ముట్టడియందును, 1749లో దేవికోట యుద్ధమునందును పాల్గొనెను. 1750లో స్వదేశమునకు మరలిన పిమ్మట తాను స్త్రీనని తోడి సైనికులకు తానే వెల్లడించెను. ప్రభుత్వమువారికి విన్నపము చేసికొని సైనికభరణమును పొందెను. ఆ సంవత్సరముననే ఆమె కథ పుస్తకముగా అచ్చుపడెను. గాయమునకు చికిత్స చేయించుకొన్నచో గుట్టు బయటపడునని, ఈ దేశపు స్త్రీ యొకతె సాయమున గుండును తానే తీసికొనెనని ఆ పుస్తకము చెప్పుచున్నది. గుండు తగిలిన స్త్రీ పేరు లోకమెల్ల నెఱుగును. ఆ వేళ సాయపడిన మన దేశపు స్త్రీ పేరును వ్రాసినవారు లేరు.

అమెరికా స్వాతంత్ర్యయుద్ధమున డెబొరా సాంప్సను 1782లో రాబర్టు షర్ట్లిఫ్ అను పేరుతో సైన్యమున చేరెను. తరువాత ఆమెకును భరణము లభించెను. రష్యాదేశమున నాదెజ్దా దూరోవా 1806లో మగవేషముతో అశ్వికదళమున చేరి నెపోలియనుతో జరిగిన యుద్ధములయందు పోరాడి, 1836లో తన కథను తానే ప్రకటించెను.

ఈ మువ్వురి కథలయందును ఒక సామాన్యలక్షణము కలదు. వారు మనకు తెలిసినది వారి శౌర్యమువలన మాత్రమే కాదు. ఒకరికి భరణపు కాగితము, ఒకరికి అచ్చుపుస్తకము సాక్ష్యమైనవి. వ్రాత లేనిచోట వేషము నిలిచిపోవును, మనిషి మాయమగును. దస్తరములయందు మగపేరుతోనే చేరి, మగపేరుతోనే మరణించిన స్త్రీలు ఎందఱో ఎవ్వరు లెక్కింపగలరు?

కాకతీయ సింహాసనము

ఇక మన దేశమునకు వత్తము. మన యాంధ్రదేశమున ఇట్టి చరిత్ర యనగానే స్మరణకు వచ్చునది రాణీ రుద్రమదేవి. కాకతి గణపతిదేవ చక్రవర్తి 1199 మొదలు అఱువది సంవత్సరములకు పైగా రాజ్యమేలెను. ఆయనకు పుత్రసంతానము లేదు. రుద్రమ, గణపాంబ అని యిరువురు కుమార్తెలు. గణపతిదేవుడు రుద్రమకు రుద్రదేవుడను పురుషనామము నొసంగెనని, ఆమె మనుమడగు ప్రతాపరుద్రుని ఆస్థానమందలి విద్యానాథుడు ప్రతాపరుద్రీయమున చెప్పెను. మల్కాపుర శాసనము (1261) మొదలుగా పలు శాసనములయందు ఆమె ప్రసక్తి కలదు. కొన్నిచోట్ల రుద్రమదేవి యనియు, పెక్కుచోట్ల రుద్రదేవ మహారాజు అనియు ఆమె వ్యవహరింపబడినది. మల్కాపుర శాసనమున చెప్పబడిన దానములలో బ్రాహ్మణ సత్రముతో పాటు ఆరోగ్యశాలకును, ప్రసూతిశాలకును భాగములుండుట గమనింపదగినది.

ఇచ్చట పాఠకులు ఒక విషయమును ఆలోచింపవలెను. రుద్రమ చెల్లెలగు గణపాంబ కోట వంశీయుడగు బేతరాజును వివాహమాడి, భర్త మరణానంతరము ధాన్యకటక ప్రాంతమును స్వయముగా ఏలెను. ఆమె యనమదల శాసనము గణపాంబ పేరనే వెలువడినది. మగపేరు ఆమెకు అవసరము కాలేదు. ఒక తండ్రి బిడ్డలే. ఒకతెకు స్త్రీనామము చాలినది, వేఱొకతెకు చాలలేదు. ఎందువలన? గణపాంబ యేలినది సామంతరాజ్యము; భర్త తరువాత భార్య యను క్రమమున అది ఆమెకు సంక్రమించినది. రుద్రమ యెక్కినది చక్రవర్తి సింహాసనము. తండ్రి తరువాత కుమారుడను క్రమమున రావలసిన స్థానము. ఆ స్థానమునకు ముందే యొక రూపము ఏర్పడియున్నది. బిరుదులు, సేనాధిపత్యము, సామంతుల ప్రమాణములు, అన్నియు పురుషుని యొడ్డు పొడవులకు కుట్టిన వస్త్రమువంటివి. రుద్రమ ఆ వస్త్రమును ధరించినది.

కావున రుద్రమదేవి మగవేషమును హానా స్నెల్ మగవేషముతో సమానముగా భావించుట పొరపాటు. స్నెల్ తాను స్త్రీనని దాచినది. రుద్రమ దాచలేదు. నిడుదవోలు చాళుక్య వంశీయుడగు వీరభద్రుని ఆమె వివాహమాడినదని సామంతులెల్లరు నెఱుగుదురు. ముమ్మడమ్మ మొదలగు కుమార్తెలకు ఆమె తల్లియనియు నెఱుగుదురు. పల్నాటి దుర్గి శాసనమున (1269) కాయస్థ జన్నిగదేవుడు ఆమెను రుద్రమదేవి యనియే పేర్కొనెను. ఒకే కాలమున, ఒకే రాజ్యమున, ఒకే వ్యక్తికి రెండు పేళ్లును చెల్లినవి. స్త్రీత్వము రహస్యము కాదు; పురుషనామము పదవికి తొడిగిన కవచము.

మిత్రులు, శత్రువులు, పరదేశీయులు

ఇప్పుడు సాక్షులను పిలుతము. ఆమె పక్షమువారి మాట వింటిమి: వారికామె రుద్రదేవ మహారాజు. ఓరుగల్లు కోటయందలి శిల్పములలో సింహము నధిష్ఠించి కత్తియు డాలును ధరించిన స్త్రీమూర్తి కలదు. రాయగజకేసరి యను బిరుదము గల రుద్రమకు అది సంకేతమని చరిత్రకారులు గ్రహించిరి. శాసనము వ్రాసిన కలము దాచినదానిని శిల్పి యులి చూపినదన్నమాట.

ఇక శత్రువు మాట. దేవగిరి యాదవరాజగు మహాదేవుడు (1261–1271) కాకతీయరాజ్యముపై దండెత్తెను. రుద్రమ యాతనిని తఱిమి దేవగిరి వఱకు వెంటాడి ధనమును, గుఱ్ఱములను గైకొనెనని మన ప్రతాపచరిత్రము చెప్పుచున్నది. బీదరుకోటలో దొరకిన శాసనశకలము ఆమె సామంతుడగు సింద భైరవుని పేర్కొనుటవలన ఆమె సేనలు అంతదూరము చొచ్చినవనుటకు బలము కలుగుచున్నది. కాని యాదవుల మంత్రియగు హేమాద్రి వ్రాసిన గ్రంథమున, తమ రాజు ఆంధ్రరాణిని స్త్రీ యగుటవలన చంపక విడిచెనని కలదు. చూచితిరా! మిత్రునికి ఆమె పురుషుడు. శత్రువునకు ఆమె స్త్రీ. గెలువలేని రాజునకు “ఆడుది గదా యని విడిచితిమి” అను మాట యెంత యనుకూలమైనది!

మూడవ సాక్షి పరదేశీయుడు. వెనీసు నగర యాత్రికుడగు మార్కోపోలో, మన కోస్తా రేవైన మోటుపల్లిని గూర్చి వ్రాయుచు, ఆ దేశము నొక వివేకవతియగు రాణి నలువది సంవత్సరములుగా పాలించుచున్నదనియు, భర్త మరణించిన పిమ్మట రాజ్యము నామె న్యాయముగా నడపుచున్నదనియు వర్ణించెను. మన దేశపు వజ్రములను, సన్నని వస్త్రములను పొగడిన యాతడు ఈ యొక్క విషయమున పొరబడెను. రుద్రమకు రాజ్యము వచ్చినది తండ్రివలన, భర్తవలన కాదు. స్త్రీ రాజ్యమేలిన యెడల అది మగని సొత్తే యైయుండవలెనని యాతడు తలచియుండును. ముగ్గురు సాక్షులు మూడు రూపములను చూచిరి: రాజు, అబల, విధవ. చరిత్రకారుని పని వాటి నడుమ మనిషిని వెదకుట.

త్రిపురాంతకము, చందుపట్ల

ఈ కథ కడపటి యధ్యాయము మన ప్రాంతమునకు మిక్కిలి సమీపమున జరిగినది. అందువలననే ఈ వ్యాసమును మన సంచికకు పంప సాహసించితిని.

1263 ప్రాంతమున నెల్లూరు చెంత ముత్తుకూరు యుద్ధమున కాకతీయసేన పాండ్యులచే ఓడిన పిమ్మట దక్షిణపు సీమలు సడలినవి. ఆ సీమలను కాకతీయుల పక్షమున కాపాడుచుండినవారు కాయస్థ నాయకులు. గంగయసాహిణి, జన్నిగదేవుడు, త్రిపురారి అను వారి తరువాత 1272 ప్రాంతమున అంబదేవుడు అధికారమునకు వచ్చెను. ఇతడు తన పూర్వుల విశ్వాసమును విడిచి స్వతంత్రుడయ్యెను. మార్కాపురము చెంతనున్న త్రిపురాంతకేశ్వరుని యాలయమున 1290లో ఇతడు వేయించిన శాసనము నేటికిని నిలిచియున్నది. అందు తన విజయములను వరుసగా కీర్తించుకొనుచు, మల్లికార్జునపతిని జయించి యాతని సప్తాంగములను హరించితినని చెప్పుకొనెను. సప్తాంగములనగా స్వామి, అమాత్యుడు, మిత్రుడు, కోశము, రాష్ట్రము, దుర్గము, బలము. అందు మొదటిది స్వామి, అనగా ప్రభువు. కాని ఆ ప్రభువు రుద్రమయని అంబదేవుడు ఒక్క యక్షరమైనను చెక్కింపలేదు. స్త్రీని చంపితినని చెప్పుకొనుట వీరునకు కీర్తి కాదు గదా!

త్రిపురాంతకమున చెప్పని మాట, కృష్ణకు ఉత్తరమున నల్లగొండ సీమయందలి చందుపట్ల గ్రామమున ఒక చిన్నఱాయి చెప్పినది. మల్లికార్జున నాయకుని సేవకుడగు పువ్వుల ముమ్మడి యనునాతడు, కాకతి రుద్రమదేవియు మల్లికార్జున నాయకుడును శివలోకమునకు ఏగగా, వారికి పుణ్యముగా సోమనాథదేవునికి భూదానము చేసి ఆ శాసనము వేయించెను. దాని తేదీ 1289వ సంవత్సరము నవంబరు 27. అంతకు పూర్వపు చరిత్రకారులు రుద్రమ 1295 వఱకును రాజ్యము చేసెనని వ్రాయుచుండిరి. పరబ్రహ్మశాస్త్రిగారు 1970 దశకమున ఈ శాసనమును వెలుగులోనికి తెచ్చి, పాఠమును వివరించిన పిమ్మట ఆ లెక్క మాఱినది. రాణియు సేనాధిపతియు ఒక్కసారిగా స్మరింపబడుటను, మఱుసటి యేటి త్రిపురాంతక శాసనమున అంబదేవుడు చెప్పుకొన్న విజయమును కలిపి చదివి, రుద్రమ అంబదేవునితో జరిగిన యుద్ధమునందే అసువులు బాసెనని విద్వాంసులు నిర్ణయించిరి.

మహాజనులారా! ఇందలి విశేషమును గమనింపుడు. ఆస్థానకవులు ఆమె మరణమును గానము చేయలేదు. శత్రువు దానిని మింగినాడు. దానిని మనకు దక్కించినవాడు ఒక సామాన్య సేవకుడు. అంతేకాదు, ఆ ఱాతిపై ఆతడు చెక్కించినది రుద్రదేవ మహారాజు అను పదవినామమును కాదు, రుద్రమదేవి యను ఆమె సొంతపేరును. తన దొరతో పాటు మడిసిన ప్రభువునకు పుణ్యము కోరువానికి పదవితో పనియేమి? బ్రదికియుండగా తొడిగిన కవచమును మరణానంతరము విప్పి, మనిషిని మనిషిగా పేర్కొన్నవాడు పువ్వుల ముమ్మడి. నాబోటి సామాన్యునకు చరిత్రపరిశోధన యందు గురువు ఆతడే.

కులాభిమానమును గూర్చి యొక మాట

రుద్రమదేవి మావారి యాడుబిడ్డయని చెప్పుకొను కులసంఘములు మన రాష్ట్రములందు ఒకటికంటె నెక్కువ కలవు. మన సభలయందును అట్టి ప్రస్తావన వినియుంటిని. నా మనవి యిది. కాకతీయుల శాసనములలో అధికసంఖ్యాకములు వారిని చతుర్థకులజులని చెప్పుచున్నవి. మల్కాపుర శాసనము వంటి కొన్ని సూర్యవంశజులనుచున్నవి. నేటి మన కులనామములను ఆ కాలపు ఱాళ్లపై అతికించుట న్యాయము కాదు. ఆమెను మనదిగా చేసికొనుటకు తగవులాడుటకంటె, మన యిండ్లయందు నిస్సందేహముగా పుట్టి పెరిగిన స్త్రీల పేళ్లను నిలుపుకొనుట మనకు గౌరవము. ఎనిమిదివందల యేండ్ల క్రిందటి రాణికి పూలమాల వేయుదుము. ఎనుబది యేండ్ల క్రిందటి మన ముత్తవ్వ పేరు మఱతుము! ఇది సబబా?

వెదకినచో దొరకునా యని కొందఱు సందేహింపవచ్చును. దొరకుననుటకు దగ్గఱి నిదర్శన మొకటి కలదు. తెలంగాణమున 1946–1951 నడుమ జరిగిన సాయుధ రైతాంగపోరాటమున స్త్రీలు దళములలో చేరి తుపాకులు పట్టిరి. పేళ్లు మార్చుకొని తిరిగిరి. మల్లు స్వరాజ్యముగారు రాజక్క యను మాఱుపేరుతో సంచరించిరి. వారి యనుభవములలో పెక్కు చాలకాలము పుస్తకములకెక్కలేదు. స్త్రీశక్తి సంఘటన సభ్యురాండ్రు ఊరూరికిని పోయి, ఆ స్త్రీలను కలిసికొని, వారి నోటి మాటలను వ్రాసికొని, 1986లో “మనకు తెలియని మన చరిత్ర” యను గ్రంథమును ప్రకటించిరి. వారు చేసిన గొప్ప పని యేమి? పోయి అడిగిరి, విన్నది వ్రాసిరి. అంతియే.

మన కర్తవ్యము

కావున ఈ మహాసభవారికి మూడు విన్నపములు చేయుచున్నాను.

మొదటిది: సంఘమువారు సేకరించు వంశావళులయందు కుమారుల పేళ్లతో పాటు కుమార్తెల పేళ్లను, కోడండ్ర పేళ్లను, వారి పుట్టినూళ్లను తప్పక వ్రాయించవలెను. “ఫలానావారి భార్య” అని విడువరాదు.

రెండవది: మన గ్రామములయందు గుడి ముంగిట, చెఱువుకట్టపై, పొలముల గట్లపై వ్రాతగల ఱాళ్లున్నచో వాటికి సున్నము పూయుట, మెట్లకు వాడుట మానవలెను. ఛాయాచిత్రము తీయించి పురావస్తుశాఖవారికి తెలుపవలెను. చందుపట్ల ఱాతిని ఎవ్వరైన బట్టలుతుకు బండగా వాడియుండినచో రుద్రమదేవి మరణము నేటికిని మనకు తెలియకుండెడిది.

మూడవది: డెబ్బది దాటిన మన యాడువారి యొద్ద కూర్చుండి, వారు విన్న కథలను యువకులు, యువతులు వ్రాసికొనవలెను. కఱవు కాలమున కుటుంబమును నిలిపినవారు, మగవారు లేనివేళ అరక దున్నినవారు, పాగా చుట్టి కావలి కాచినవారు అందులో కనబడుదురు. వారిలో రాణులు లేకపోవచ్చును, ధైర్యమునకు లోటుండదు. ఇట్లు వచ్చినవానిని మఱుసటి యేటి సంచికయందు ప్రకటించినచో, విరాళములిచ్చు పోషకుల ధనము సార్థకమగును.

ఈ వ్యాసమును ముగించుటకు ముందు మా మేనత్త యొద్దకు మరల పోయితిని. ఆమె తన చిన్నాయన కుమార్తెను అడిగించెను. ఆమె మఱియొకరిని అడిగెను. జేజమ్మ పేరు ఇంతవఱకును దొరకలేదు. ఐనను మా వంశావళియందు ఆ తరమున, మా ముత్తాతగారి తండ్రిగారి పేరు ప్రక్కన ఒక గడిని ఖాళీగా విడిచి, క్రింద “పాగా చుట్టి కళ్లము కాచిన పెద్దమ్మ” అని వ్రాసియుంచితిని. పేరు తెలిసిననాడు పూరింతును. ఇట్టి ఖాళీ గళ్లు మన యింటింటను ఎన్ని కలవో లెక్కించుకొని, పూరింపగలిగినన్నిటిని పూరించుటకు ఈ మహాసభ నాంది యగుగాక యని శ్రీ త్రిపురాంతకేశ్వరుని ప్రార్థించుచు విరమించుచున్నాను.